తలనొప్పి లేదు

ఆ సోమవారం మధ్యాహ్నం ఉజ్వల ఒక బాస్కెట్‌బాల్ పిల్ల చీలమండకు టేపు చుడుతూ ఉండగా బల్ల మీది ఫోన్‌లో ఈమెయిల్ వచ్చింది. ఫుట్‌బాల్ హెడ్ కోచ్ ఉద్యోగానికి వడపోత అయ్యాక మిగిలిన రెండు పేర్లు. రెండోది డేల్ రెనిక్. పదిహేనేళ్ళుగా కత్తెర ముట్టకుండా వేళ్ళతోనే టేపు తెంపే మనిషికి ఆ పూట రెండుసార్లు లాగినా తెగలేదు.

"మిస్ ఉజ్వలా, బిగుతుగా ఉంది" అంది పిల్ల.

"సారీ" అని విప్పేసి మళ్ళీ మొదలుపెట్టింది. మొహం మామూలుగానే ఉంది. లోపల మాత్రం పండగ. తొమ్మిదేళ్ళుగా ఆ మనిషి ఏ కాలేజీలో ఉన్నాడో, ఎన్ని గెలిచాడో, ఎంత తేడాతో ఓడాడో ఆమెకు నోటికి వచ్చు. వాడు ఓడిన శనివారాల్లో ఆమె ఇంకో ముద్ద ఎక్కువే తినేది. ఇప్పుడు వాడే తనంతట తాను నడుచుకుంటూ ఆమె గుమ్మంలోకి వస్తున్నాడు. ఇంతకంటే ఏం కావాలి?

లేక్‌మోర్ అనేది ఆమె నాన్న ఉండే నేపర్‌విల్ నుంచి పడమరగా గంట దూరంలో, మొక్కజొన్న చేల మధ్య ఉన్న చిన్న కాలేజీ. అక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట కాదు, తలలు ఢీకొట్టుకునే ఆట. ఉజ్వల ఆ కాలేజీకి హెడ్ అథ్లెటిక్ ట్రైనర్. అది వ్యాయామం చేయించే పని కాదు. దెబ్బ తగిలినవాడి దగ్గరికి మైదానంలోకి పరిగెత్తడం, వాడు మళ్ళీ ఎప్పుడు ఆడొచ్చో తేల్చడం ఆమె పని. తలకు దెబ్బ తగిలినవాడికి ప్రాక్టీసులో ఎర్ర జెర్సీ తొడిగిస్తుంది. ఎర్ర జెర్సీలో ఉన్నవాణ్ణి ఎవరూ గుద్దకూడదు. దాన్ని తొడిగించేది ఆమే, తీయించేది ఆమే, మధ్యలో కోచ్ నోరెత్తకూడదు. రూలైతే అదే.

పిల్ల అలా వెళ్ళగానే ప్రొఫెసర్ రఘువీర్ ఇలా వచ్చాడు. స్టాటిస్టిక్స్ చెప్తాడు. గుంటూరు నుంచి వచ్చి ముప్పై ఏళ్ళైంది. కొత్త కోచ్‌ను వెతికే ఐదుగురి కమిటీలో ఉజ్వల కూడా ఉంది, దానికి ఆయనే చైర్మన్. ఆట తెలియని మనిషికి ఆ పదవి ఎందుకిచ్చారంటే, ఆట తెలిసినవాళ్ళు ఒకరి మాట ఒకరు వినరని.

"చూశావా అమ్మాయ్ లిస్టు? రెనిక్ గారి పర్సంటేజీ బ్రహ్మాండంగా ఉంది. ఆరు సీజన్లలో నలభై ఒక్క గెలుపులు."

"నలభై అంకుల్. ఒకటి అవతలి టీమ్ రాలేదు, ఊరికే ఇచ్చారు."

రఘువీర్ కళ్ళద్దాల మీదుగా చూశాడు. "నీకెలా తెలుసు?"

"చదివాను."

ఆయన చేతిలోని ఫారమ్ ఆమె ముందు పెట్టాడు. అభ్యర్థులతో పూర్వ పరిచయం ఉందా అని అడిగే ఫారమ్ అది. ఉంది, లేదు, రెండు గళ్ళు. ఉందని టిక్ పెడితే కమిటీ నుంచి తప్పుకోవాలి. ఉజ్వల పెన్ను తీసి 'లేదు' అన్న గడిలో టిక్ పెట్టింది.

"ఇంకోటి. మంచి హెడ్ కోచ్ అంటే ఎవడు? ఒక్కొక్కరు ఒక్క సెంటెన్స్ రాసివ్వండి, బోర్డు మీద పెడతాను. జోయాన్ ఏమో 'గెలిపించేవాడు' అని రాసింది. డోనర్ల తరఫు ఆయన 'పిల్లలకి తండ్రిలాంటివాడు' అన్నాడు."

ఉజ్వల టేపు అట్టపెట్టెలోంచి ఒక ముక్క చించి రాసింది. ఆడకూడదు అని చెప్పినప్పుడు వినేవాడు.

రఘువీర్ చదివి నవ్వాడు. "ఇది కోచ్‌కేనా తల్లీ, మొగుళ్ళకి కూడానా? మా ఆవిడ విజయశ్రీకి చూపిస్తే ఫ్రేమ్ కట్టిస్తుంది."

ఉజ్వల కూడా నవ్వింది. ఆయన వెళ్ళాక తలుపు వేసుకుని, రెనిక్‌ను అడగాల్సిన ప్రశ్నలు ఒక నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టింది. ఒక్కోటి రాసి, కొట్టేసి, ఇంకా లోతుగా దిగేలా మళ్ళీ రాసింది.

మంగళవారం సాయంత్రం నేపర్‌విల్‌లో నాన్న దగ్గరికి వెళ్ళింది. గౌరీశంకర్ గారు ముప్పై నాలుగేళ్ళు మత్తు డాక్టరుగా చేసి రిటైరయ్యారు. అమ్మ హెర్న్‌డన్‌లో చెల్లెలు రచన పురిటికి వెళ్ళింది కాబట్టి వంట ఆయనదే. బీరకాయలు చెక్కు తీసి, చేదేమోనని ప్రతి ముక్కా కొరికి చూసి మరీ గిన్నెలో వేస్తున్నారు.

"రెనిక్ ఇంటర్వ్యూకి వస్తున్నాడు నాన్నా. థర్స్‌డే."

"ఎవరు, ఒహాయో వాడా?" చాకు ఆగింది. "మీ కాలేజీకా?"

"మా కాలేజీకే. ఐ యామ్ ఆన్ ద కమిటీ. వాడిని అస్సలు వదలను."

"ఎందుకమ్మా? నో అని ఓటేసి ఊరుకో. అందరి ముందూ గొడవెందుకు? నీ జాబ్ బాగుంది, పేరుంది..."

"అప్పుడు కూడా ఇదే చెప్పావు. గొడవ వద్దని."

గౌరీశంకర్ గారు ఇంకో బీరకాయ అందుకున్నారు. అది కొరికి చూడటం మర్చిపోయారు.

తొమ్మిదేళ్ళ కిందటి ఆ గురువారం ఇద్దరికీ గుర్తే. ఉజ్వలకు అప్పుడు ఇరవై తొమ్మిది, రెనిక్ కోచ్‌గా ఉన్న ఒహాయో కాలేజీలో ట్రైనర్. శనివారం ఆడాల్సిన టెరెల్ బౌమన్ ఎర్ర జెర్సీలో ఉన్నాడు. రెనిక్ ఆమె బల్ల దగ్గరికి వచ్చి, ఒంటి మీది వాసన తెలిసేంత దగ్గరగా నిలబడి, కుర్రాడు ఆడొచ్చని ఆమె సంతకం పెట్టాల్సిన క్లియరెన్స్ కాగితం ముందుకు తోశాడు. ఐదు నిమిషాలు టైమడిగి ఆమె వరండాలోకి వెళ్ళి నాన్నకు ఫోన్ చేసింది. కుర్రాడికి తల ఇంకా నొప్పిగానే ఉందని కూడా చెప్పింది. "కొత్త ఉద్యోగం. పెద్దవాళ్ళతో పెట్టుకోకు. అన్నీ పద్ధతి ప్రకారం చూసే ఉంటారులే, సంతకం పెట్టేసెయ్" అన్నారాయన. పెట్టేసింది. శనివారం రెండో క్వార్టర్‌లో టెరెల్‌ను స్ట్రెచర్ మీద మోసుకెళ్ళారు.

"తిను" అన్నారు గౌరీశంకర్ గారు, అన్నం వడ్డించి. కూర చేదుగా ఉంది. ఉజ్వల తినేసింది. ఆయన కూడా తినేశారు.

బుధవారం మధ్యాహ్నం, ట్రైనింగ్ రూమ్ ఖాళీ అయ్యాక ఆమె టెరెల్‌కు ఫోన్ చేసింది. నంబరు దొరకడానికి పొద్దున్నంతా పట్టింది. ఫోన్ చేయడానికి అవసరమైన ధైర్యం దొరకడానికి ఇంకో గంట. తొమ్మిదేళ్ళలో ఇదే మొదటిసారి. ఆ సంగతి నంబరు నొక్కేదాకా ఆమెకు తట్టలేదంటే, మనిషికి తన గాయమే ఎంత పెద్దగా కనిపిస్తుందో చూడండి.

"ఎవరు?"

"ఉజ్వల. ట్రైనర్‌ని. గుర్తున్నానా?"

అటువైపు ఏదో యంత్రం చప్పుడు ఆగింది. "గుర్తున్నారు మిస్ ఉజ్వలా. ఆగండి, బయటికొస్తాను. లోపల లైట్లు ఎక్కువ. సాయంత్రానికి కళ్ళు మూతలు పడిపోతాయి."

అతనికి ఇరవై తొమ్మిదేళ్ళు. డేటన్‌లో కుర్చీలూ సోఫాలూ చేసే కార్ఖానాలో పనిచేస్తున్నాడు. లైట్లు పడక రోజంతా నల్లద్దాలు పెట్టుకుంటాడట. ఇవన్నీ అతనే చెప్పాడు, మామూలు కబుర్లు చెప్పినట్టు.

ఉజ్వల తొందరగా అసలు సంగతికి వచ్చింది. రెనిక్ తమ కాలేజీకి రాబోతున్నాడని, రానివ్వకూడదని, టెరెల్ ఒక ఉత్తరం రాసిస్తే కమిటీ ముందు పెడతానని చెప్పింది. వాడు చేసినదానికి ఇన్నాళ్ళకు లెక్క తేలుతుందంది. చెప్తూ ఉంటే ఆమె గొంతు పెరిగింది.

టెరెల్ చివరిదాకా విన్నాడు.

"కోచ్ ప్రతి సంవత్సరం ఫోన్ చేస్తాడు" అన్నాడు. "ఆ మ్యాచ్ జరిగిన తారీఖునే. రెండు నిమిషాలు ఏడుస్తాడు. నేను స్పీకర్ మీద పెట్టి గిన్నెలు కడుక్కుంటాను. ఆయన ఏడుపు నాకేం పనికొస్తుంది? కానీ చేస్తాడు. మీరు చేయలేదు."

ఉజ్వల ఫోన్‌ను ఇంకో చెవికి మార్చుకుంది.

"ఆయన కోచ్. నన్ను ఆడించడం ఆయన పని. నాకా, ఆడటమంటే ప్రాణం. కాలు తెగినా ఆడతానని అనేవాణ్ణి. వద్దని చెప్పే పని ఆ మైదానం మొత్తంలో ఒక్క మీదే. ఇవన్నీ పోనివ్వండి, జరిగిపోయింది. నన్ను కుంగదీసింది అది కాదు."

"మరేమిటి?"

"కాగితం. గురువారం నేను మీతో తల నొప్పిగా ఉందని చెప్పానా లేదా?"

"చెప్పావు."

"మీరు కాగితం మీద తలనొప్పి లేదని రాశారు. తర్వాత ఎంక్వైరీలో ఏం తేల్చారో తెలుసా? ఆటగాడు లక్షణాలు దాచిపెట్టాడు, అని. మా అమ్మ ఆ రిపోర్ట్ చదివింది. తొమ్మిదేళ్ళయింది. ఇప్పటికీ నాకు తల పట్టేసి పడుకుంటే తడిగుడ్డ వేస్తూ అంటుంది, ఎందుకు దాచావు నాన్నా, చెప్పి ఉంటే ఆపేవాళ్ళు కదా అని. నేను చెప్పానమ్మా అంటే నమ్మదు. కాగితం అలా లేదు కదా." అటువైపు తలుపు తెరుచుకున్న చప్పుడైంది. "నేను ఉత్తరం రాయను. రాయాల్సింది నేను కాదు."

ఫోన్ పెట్టేశాడు. ఉజ్వల ఐస్ టబ్ దగ్గరికి వెళ్ళి నీళ్ళు వదిలేసింది, అడుగున పట్టిన జిగురు బ్రష్షుతో రుద్దింది, కడిగింది, మళ్ళీ రుద్దింది. సిగ్గుగా ఉంది. సిగ్గుపడుతున్నందుకు రెనిక్ మీద ఇంకా ఒళ్ళు మండింది. ఇది కూడా వాడి ఖాతాలోనే వేసింది.

గురువారం రెండు గంటలకు కమిటీ గదిలో ఐదుగురూ కూర్చున్నారు. కాలేజీ ఆటలన్నిటికీ పెద్ద జోయాన్ ఫిచ్, డోనర్ల తరఫున ట్రాక్టర్ల వ్యాపారి ఒకాయన, విద్యార్థుల డీన్, రఘువీర్, ఉజ్వల. బోర్డు మీద ఐదు వాక్యాలూ ఉన్నాయి.

రెనిక్ లోపలికి వచ్చి వరసగా అందరికీ చెయ్యిచ్చాడు. జుట్టు నెరిసింది, నడుం సన్నబడింది, గొంతు మెత్తబడింది. ఉజ్వల దగ్గరికి వచ్చి ఆమె కళ్ళలోకి చూస్తూ "మిమ్మల్ని కలవడం చాలా సంతోషం" అన్నాడు. గుర్తుపట్టలేదు. రెండు సీజన్లు ఆమెను "టేప్" అని పిలిచాడు. టేప్, ఇటురా. టేప్, వీడి మోకాలు చూడు. అసలు పేరు అడిగిందే లేదు, ఇక మొహం ఏం గుర్తుంటుంది?

స్లైడ్లు మొదలయ్యాయి. పిల్లల్ని ఎలా ఎంచుకుంటాడు, చదువు ఎలా చూసుకుంటాడు, ఓడినప్పుడు ఏం చెప్తాడు. బాగానే చెప్తున్నాడు. ఉజ్వల నోట్‌బుక్ తెరిచి మొదటి ప్రశ్న మీద వేలు పెట్టుకుని కాచుకుని ఉంది. పద్నాలుగో స్లైడ్ వచ్చింది. దాని మీద సూర్యోదయం ఫోటో, కింద 'నేను నేర్చుకున్నది' అని అక్షరాలు.

"తొమ్మిదేళ్ళ క్రితం నా దగ్గర ఒక కుర్రాడుండేవాడు" అన్నాడు రెనిక్. "తలకు దెబ్బ తగిలింది. శనివారం పెద్ద మ్యాచ్. గురువారం నేను ట్రైనర్ బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. చిన్న వయసు అమ్మాయి. ఆమె సంతకం పెట్టేదాకా కదల్లేదు. ఆ కుర్రాడు మళ్ళీ ఎప్పుడూ ఆడలేదు." ఆగాడు. సరిగ్గా ఎంతసేపు ఆగాలో అంతసేపే ఆగాడు. "తప్పు నాది. ఆ రోజుతో నేను మారిపోయాను. మంచి కోచ్ ఎవరని అడిగితే, తన తప్పును అందరి ముందూ చెప్పుకోగలిగినవాడు అంటాను."

ట్రాక్టర్ల ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. జోయాన్ ఏదో రాసుకుని కింద గీత గీసింది. రఘువీర్ బోర్డు వైపు చూశాడు, ఆరో వాక్యం రాయాలా అన్నట్టు.

ఉజ్వల మొదటి ప్రశ్న మీంచి వేలు తీసేసింది. తొమ్మిదేళ్ళుగా నూరుతున్న కత్తిని వాడు ఎంత సులువుగా ఆమె చేతిలోంచి తీసుకుని, తుడిచి, ఎంత అందంగా బల్ల మీద పెట్టేశాడు! ఆమె నోట్‌బుక్‌లోని ప్రశ్నలన్నీ ఇక దండగ. ఆమె పడ్డదంతా, టెరెల్ పడ్డదంతా కలిపి ఇరవై రెండు స్లైడ్లలో ఒక స్లైడు. ఇంకెన్ని కాలేజీల్లో చూపించాడో! ఉద్యోగం వాడికే వస్తుంది. ఈ మాట చెప్పినందుకే వస్తుంది.

"ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అన్నాడు రఘువీర్.

"ఆ కుర్రాడి పేరేమిటి?" అంది ఉజ్వల.

"అతని ప్రైవసీ దృష్ట్యా..."

"టెరెల్ బౌమన్. ఆ ట్రైనర్ పేరు?"

రెనిక్ స్లైడు వైపు చూశాడు. తెలియదు మరి.

"నేనే. మీరు టేప్ అనేవారు."

రెనిక్ తేరుకున్నాడు. లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి చెయ్యి చాపాడు. "తొమ్మిదేళ్ళుగా ఈ మాట మీకు చెప్పాలనుకుంటున్నాను. క్షమించండి."

ఉజ్వల ఆ చెయ్యి అందుకోలేదు. "టెరెల్ తలనొప్పి దాచాడా?"

"రిపోర్టులో ఉన్నదాన్ని బట్టి..."

"రిపోర్టులో ఏముందో నాకు తెలుసు. అది నేను రాసిన అబద్ధం నుంచే వచ్చింది. గురువారం వాడు తల నొప్పిగా ఉందని నాతో చెప్పాడు. మీరు పక్కనే నిలబడి ఉన్నారు. విన్నారా, లేదా?"

రెనిక్ జోయాన్ వైపు చూశాడు. ఉజ్వల నోట్‌బుక్‌లోంచి ఒక కాగితం చించింది. దాని మీద రాసింది. టెరెల్ బౌమన్ తలనొప్పి ఉందని చెప్పాడు. నేను లేదని రాసి సంతకం పెట్టాను. అతను ఏదీ దాచలేదు. కింద పేరు, తారీఖు, సంతకం. కాగితాన్ని బల్ల మీద రెనిక్ వైపు తోసింది.

"దీని కింద 'నేను విన్నాను' అని రాసి సంతకం పెట్టండి. మీరు ఇందాక చెప్పినదానికి ఒక్క ముక్కే ఎక్కువ."

రెనిక్ చదివాడు. జేబులోంచి తన పెన్ను తీశాడు. మూత కూడా తీశాడు. మళ్ళీ ఒకసారి చదివాడు. తర్వాత మూత పెట్టేసి పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

"ఇది మా లాయర్ చూడాలి" అన్నాడు.

ట్రాక్టర్ల ఆయన చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన మొహంలో ఇందాకటి తడి లేదు.

రెనిక్‌ను బయటికి పంపాక రఘువీర్ ఒక ఫారమ్ తీసి ఉజ్వల ముందు పెట్టాడు. గొంతులో వేళాకోళం లేదు. "పూర్వ పరిచయం లేదని టిక్ పెట్టారు."

"అబద్ధం" అంది ఉజ్వల. "తెలిసే పెట్టాను. వాడిని పడగొట్టాలని."

జోయాన్ ఆ ఫారమ్ తన ముందుకు లాక్కుంది. సోమవారం హెచ్‌ఆర్ వాళ్ళను కలవాల్సి ఉంటుందని, ప్రస్తుతానికి కమిటీ నుంచి వెళ్ళిపోవాలని చెప్పింది. ఉజ్వల కాగితం తీసుకుని లేచింది.

గంట తర్వాత రఘువీర్ ట్రైనింగ్ రూమ్‌కి వచ్చాడు. ఆమె ఆ కాగితాన్ని స్కాన్ చేసి ఒహాయో కాలేజీకి ఒకటి, టెరెల్‌కు ఒకటి పంపించి కూర్చుని ఉంది.

"వాడికి రాలేదు" అన్నాడాయన. "నలుగురిదీ ఒకే మాట. కానీ ఎంత పని చేశావమ్మా! మొదటే నాతో ఒక్క మాట చెప్తే... నీ లైసెన్స్ కూడా పోవచ్చు, తెలుసా?"

"తెలుసు అంకుల్."

"సంతోషంగా ఉందా?"

ఉజ్వల ఆలోచించింది. ఈ పెద్దమనిషి దగ్గర దాచడం దేనికి? "ఉంది. వాడు పెన్ను మూత పెట్టడం చూశాను కదా. చాలా సంతోషంగా ఉంది."

ఆయన తల పంకించి వెళ్ళిపోయాడు. టెరెల్ నుంచి జవాబు వచ్చింది. థాంక్స్ లేదు, ఏమీ లేదు. 'ప్రింట్ తీశాను. అమ్మ డ్యూటీ నుంచి రాగానే చూపిస్తాను.' ఉజ్వల దాన్ని మూడుసార్లు చదివింది. రెనిక్ ఓడినందుకు కలిగిన సంతోషం ఎంతదో, దీని పక్కన పెట్టి చూసేసరికి మొదటిసారి తెలిసింది. అది ఉంది, కానీ చిన్నది.

చీకటి పడకముందే నాన్న ఫోన్ చేశారు.

"ఏమైందమ్మా?"

చెప్పింది. స్లైడు సంగతి, కాగితం సంగతి, సోమవారం సంగతి. గౌరీశంకర్ గారు మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అంతా అయ్యాక, చాలా నెమ్మదిగా అడిగారు.

"ఆ పేపర్లో నా పేరు కూడా రాశావా?"

"లేదు నాన్నా. సంతకం నాదే కదా."

"రాయాల్సింది" అన్నారాయన. "డాక్టర్‌ని నేను. తలనొప్పి ఉందని నువ్వు చెప్పావు. నాకు తెలుసు ఆడించకూడదని. తెలిసీ పెట్టమన్నాను. నీ జాబ్ పోతుందేమోనని... వాడెవరో మన పిల్లాడు కాదు కదా అని."

తొమ్మిదేళ్ళుగా ఆయన ఈ మాట ఎప్పుడంటారా అని ఆమె ఎదురుచూసింది. అన్న రోజున 'పర్వాలేదు నాన్నా, నా మంచికే కదా చెప్పావు' అందామని మాట కూడా సిద్ధం చేసుకుంది. ఆ మాట ఇప్పుడు నోటిదాకా వచ్చింది. అవతల ఆయన దానికోసమే ఎదురుచూస్తున్నారని, అది వింటే ఆ పూటకు కాస్త అన్నం తింటారని కూడా ఆమెకు తెలుసు.

"అవును నాన్నా" అంది ఉజ్వల. "పెట్టమన్నావు."